ఉద్వాసన గంట

పొద్దున ఏడున్నర ట్రాము ఎండాడ దాటేసరికి పెట్టె నిండా గొణుగుడు మొదలవుతుంది.

"ఈ పూట నేను, లంక గోవిందు, తొమ్మిదో తరగతికి బీజగణితం చెప్పడం."

"ఈ పూట నేను, బోని నారాయణమ్మ, మూడో వార్డులో పన్నెండు మంచాలు చూసుకోవడం."

"ఈ పూట నేను, షేక్ మస్తాన్, పడవ ఇంజన్లు విప్పి బిగించడం."

పేరు చెప్పాలి, పని చెప్పాలి. దాన్ని సంకల్పం అంటారు. చెప్పడం అవగానే చెవి వెనక ఉన్న పట్టీ కొంచెం వెచ్చబడుతుంది. మనిషి ఒకసారి కళ్ళు మూసి తెరుస్తాడు. అంతే. ఇక ఆ మనిషి ట్రాములో లేనట్టే. రుషికొండ వచ్చేసరికి అరవై మంది కూర్చున్న పెట్టెలో చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఆ అరవై మందిలో పట్టీ లేనివాడు ఒక్కడే, గొర్లె అసిరినాయుడు. ఏభై నాలుగేళ్ళ మనిషి. ఆ పట్టీలు తయారుచేసే సంస్థలోనే ఆయన ఉద్యోగం. మిఠాయి చేసేవాడు మిఠాయి తినడులే అని తోటివాళ్ళు వేళాకోళం చేస్తే ఊరుకునేవాడు.

అది రెండువేల అరవై ఎనిమిదో సంవత్సరం. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు పరిస్థితి వేరు. గోడలు మాట్లాడేవి. గ్లాసుతో మంచినీళ్ళు తాగితే గ్లాసు కూడా ఏదో ఒకటి కొనమనేది. మూడు వాక్యాలు వరసగా చదివే ఓపిక జనంలో పోయింది. ఆపరేషన్ మధ్యలో డాక్టర్లు దిక్కులు చూసేవారు. రైలు నడిపేవాడికి తాను రైలు నడుపుతున్నానన్న సంగతి గుర్తుండేది కాదు. అలాంటి రోజుల్లో డాక్టర్ కమలిని అనే మెదడు శాస్త్రవేత్త నిలకడ పట్టీ కనిపెట్టింది.

మనసు ఒక పని మీంచి జారిపోయే ముందు మెదడులో ఒక చిన్న వణుకు పుడుతుంది. రెప్పపాటులో పదో వంతు. పట్టీ ఆ వణుకుని పసిగట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగం పంపి అణిచేస్తుంది. ఆకలి గుర్తొచ్చేలోపే ఆకలి పక్కకు పోతుంది. పక్కింటివాడి మీద కోపం వచ్చేలోపే అదీ పోతుంది. ఏ వణుకుని వదలాలి, ఏ వణుకుని అణచాలి అన్నది తెలియడానికి పట్టీకి ఒక నమూనా కావాలి. బాగా నిలకడ ఉన్న ఒక మనసు ఒక రోజంతా దేన్ని పట్టించుకుంది, దేన్ని పక్కన పెట్టింది అన్న రికార్డు. దాన్ని మూల నమూనా అన్నారు. నలభై లక్షల పట్టీల్లోనూ ఉన్నది ఆ ఒక్క నమూనాయే.

సంకల్పం ఆలోచన మాత్రం అసిరినాయుడిది. పూజకి కూర్చున్నవాడు పేరూ గోత్రమూ చెప్పి ఫలానా పని కోసం అని చెప్పుకోడూ? అక్కణ్ణించి తీసుకున్నాడు. సంకల్పం ఉంటే ఉద్వాసన కూడా ఉండాలన్నాడు. పిలిచిన దేవుణ్ణి పంపించాలి. విగ్రహాన్ని చేత్తో కాస్త కదిపి, ఇక వెళ్ళిరా స్వామీ అనాలి. అలా అనకపోతే ఆయన ఆ పీట మీదే ఉండిపోతాడు. అందుకని సాయంత్రం ఆరింటికి ప్రతి పట్టీలోనూ ఒక గంట మోగేలా ప్రోగ్రాం రాశాడు. నలభై వరసలు. చేత్తో రాశాడు.

ఆరు కొట్టగానే భీమిలి నుంచి గాజువాక దాకా మనుషులు ఒక్కసారి ఒళ్ళు విరుచుకునేవారు. ఏం కూర, ఎవరొచ్చారు, ఎందుకు నవ్వుతున్నావు అన్న గోల లేచేది. ఆ గోల వినడానికి అసిరినాయుడు రోజూ ఆఫీసు కిటికీ తెరిచి నిలబడేవాడు.

ఇప్పుడు చేత్తో ప్రోగ్రాం రాసేవాళ్ళు లేరు. యంత్రం రాస్తుంది. మనిషి చదువుతాడు. చదివేవాణ్ణి చదువరి అంటారు. చదువరి వరస వరసా చదివి వేలిముద్ర వేయనిదే యంత్రం రాసిన ఏ ప్రోగ్రామూ జనంలోకి పోకూడదని చట్టం. అసిరినాయుడు చదువరి. గంట భాగం మీద వేలిముద్ర వేసే హక్కు ఆయన ఒక్కడిదే.

బావికొండ దాటాక ఉన్న చిన్న కొండ మీద ఆఫీసు. ఆ రోజు గేటు దగ్గర ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. వేళ్ళ నిండా వలతాడు కోసిన గాట్లు.

"అసిరినాయుడు బాబంటే నువ్వేనా?"

"నేనే. ఏటమ్మా?"

"గంట ఎట్టినోడివి నువ్వంట గదా. మిగిలినోల్లు ఎవులూ నాతో మాటాడ్డం లేదు. సంకల్పంలో ఉన్నారంట. నువ్వయితే పట్టీ ఎట్టవని సెప్పారు."

ఆమె పేరు నూకాలు. మంగమారిపేటలో వలలు బాగుచేస్తుంది.

"అబద్దం ఆడను బాబూ. పట్టీ ఎట్టుకున్నాక నాకు సుకంగానే ఉంది. రోజుకి రెండు వలలు ఎక్కువవుతన్నాయి. మా ఇంటాయన తాగొచ్చి తిట్టినా సెవికెక్కదు. మొన్న మజ్జానం నా గుంటడు సేపల మంచుపెట్టిలోకి దిగిపోనాడు. నాలుగేళ్ళోడు. మూత పడిపోనాది. అమ్మా అమ్మా అని అరిసేడంట. మూడిళ్ళ అవతల ముసల్ది ఇన్నాది. నాను పెట్టికి నాలుగడుగుల్లో ఉన్నాను."

"వినపడలేదా?"

"నేదు."

"పట్టీ పెట్టుకుంటే చుట్టూ చప్పుళ్ళు కొంచెం..."

"ఆగు బాబూ, నన్ను సెప్పనీ. నాకు సెవుడు నేదు. కుక్కరు కూత ఇన్నాను. లేసెల్లి కట్టీసి వచ్చాను. ఆ పెట్టి పక్కనుంచే ఎల్లాను, ఆ పక్కనుంచే వచ్చాను. కుక్క మొరిగితే అదిలించాను. ఐసుబండోడు హారను కొడితే రేపు రా అన్నాను. అన్నీ ఇన్నాను. నా గుంటడి గొంతొక్కటే ఇనపళ్ళేదు. అదొక్కటే ఎలాగ పోనాది?"

"బాబు ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"బతికాడు. ముసల్ది తీసింది. కాలేళ్ళు రెండు నల్లబడ్డాయి, తగ్గుతాయన్నారు." నూకాలు కొంగు చేత్తో పట్టుకుని చూపించింది. "అయితే ఇప్పుడు నన్ను పిలవడు బాబూ. ఆకలేసినా పిలవడు. వొచ్చి ఇదిగో, కొంగు లాగుతాడు. అంతే."

అలా పిలవడం మానేసిన పిల్ల ఒకతె అసిరినాయుడి ఇంట్లోనూ ఉంది.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా. ఆ పట్టీ తీసి దాచు. నేను చూస్తాను."

"సూత్తావా? సంకల్పంలో పడిపోయి మరిసిపోతావా?"

"నేను పట్టీ పెట్టుకోను కదమ్మా," అన్నాడు.

డాక్టర్ కమలినికి అరవై దాటాయి. జుట్టు కత్తిరించి, ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది. ఆవిడా అసిరినాయుడూ కుర్రతనం నుంచీ తెలిసినవాళ్ళు.

"నలభై లక్షల పట్టీలు, అసిరీ. ఒక్క సంఘటన."

"మనదాకా వచ్చింది ఒకటి. రానివి ఎన్నో."

"నీ బాధ అది కాదు. ఇవాళ గంట తీసేస్తున్నాం. దాన్ని ఆపడానికి ఏదో ఒకటి వెతుకుతున్నావు."

"మేడం గారూ, మన పట్టీ కుక్కని వినిపించింది. కొడుకుని వినిపించలేదు. తప్పెక్కడో ఉంది."

"ఉంటే వరస చూపించు."

"చూడాలి."

"ఆరు వరకూ చూడు. ఆరింటికి ప్రోగ్రాం కొత్త కూర్పు అన్ని పట్టీల్లోకీ వెళ్ళిపోవాలి. రేపటినుంచి ఆసుపత్రుల్లో నర్సులందరికీ పట్టీ తప్పనిసరి. జనం కూడా అదే అడుగుతున్నారు. మంచి పనిలో ఉండగా ఆ గంట ఎందుకూ, మెడ పట్టుకుని బయటికి లాగినట్టుంది అంటున్నారు. ఇకమీద పని అయిపోతే పట్టీయే వదిలేస్తుంది. గంట అక్కర్లేదు."

"అయిపోని పనులుంటాయి."

"ఏవీ, చెప్పు."

"నర్సు పనే ఉంది. రోగులు అయిపోవడం ఎప్పుడైనా చూశారా?"

కమలిని నవ్వింది. "ఈ వేదాంతం చీపురు తాత దగ్గర చెప్పుకోవలసింది. ఆయన లేడు. నీ వేలిముద్ర ఆరింటికి కావాలి. తప్పు దొరికితే సరే, ఆపుదాం. నా మాట మీద నిలబడతాను. దొరక్కపోతే వెయ్యి."

చీపురు తాత ఒక జపాన్ ముసలాయన. అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మన ధ్యానమే చైనా మీదుగా తమ దేశం వచ్చి జెన్ అయిందనీ, దాని పుట్టిల్లు చూద్దామని వచ్చాననీ చెప్పేవాడు. బావికొండ కింద రేకుల షెడ్డులో ఉండి పొద్దస్తమానం నేల ఊడ్చేవాడు. కమలిని మనసు గురించి తెలుసుకుందామని, అసిరినాయుడు ప్రోగ్రాములు బాగా రాయడం కోసమని, ఇద్దరూ ఆయన దగ్గర కూర్చోవడానికి వెళ్ళేవారు.

"కూర్చోవడం ఎవరైనా నేర్పుతారు. నేను లేవడం నేర్పుతాను," అనేవాడు తాత.

ఒకరోజు ధ్యానంలో ఉండగా పెద్ద వాన వచ్చింది. పాలు పోసే ముసలమ్మ గేటు బయట నిలబడి తలుపు తీయమని మూడుసార్లు పిలిచింది. కమలిని లేచింది. మిగతావాళ్ళూ లేచారు. తాత అందరికంటే ముందే లేచి తడుస్తూ పరుగెత్తాడు. అసిరినాయుడు ఒక్కడే కదల్లేదు. రెప్ప కూడా కదపలేదు. ఇవాళ నేనే గెలిచాను అనుకున్నాడు. తాత తిరిగొచ్చి ఆయన చేతిలో చీపురు పెట్టాడు. తర్వాత నెలరోజులు మాట్లాడలేదు. అలా ఎందుకు చేశాడో అసిరినాయుడికి అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. మెచ్చుకున్నాడనే అనుకున్నాడు.

అసిరినాయుడు కమలిని దగ్గర్నుంచి తన గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. బల్ల మీద లేఖిని ఉంది. ప్రోగ్రాములు రాసే యంత్రం అదే.

"లేఖినీ, మంగమారిపేట నూకాలు పట్టీ. మొన్న మధ్యాహ్నం పక్కకు పెట్టినవాటి జాబితా చదువు."

"ఆకలి, మూడుసార్లు," అంది లేఖిని. "నడుం నొప్పి, పదకొండుసార్లు. భర్త మీద కోపం, రెండుసార్లు. బిడ్డ గొంతు, ముప్పై ఆరుసార్లు."

అసిరినాయుడు కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"పసిపిల్లల అరుపు వినిపించాలని మనం రాసుకున్నాం కదా?"

"రాసుకున్నాం. ఇతరుల బిడ్డ అరిస్తే వినిపిస్తుంది. సొంత బిడ్డ పిలుపుకి వేరే గుర్తు ఉంది. అన్నిటికంటే ముందు పక్కకు పెట్టాలని."

"ఆ గుర్తు ఎవరు రాశారు? నువ్వా?"

"నేను రాయలేదు. మూల నమూనాలో ఉంది."

"అందులోకి ఎలా వచ్చింది?"

"నమూనా ఇచ్చిన మనసులోంచి."

"ఎవరి మనసు?"

"చెప్పలేను. మనిషి మనసు రికార్డుని యంత్రం చదవకూడదని చట్టం. చదువరి చదవవచ్చు. ముప్పై ఒక్క వేల వరసలు."

పదకొండేళ్ళ కిందట ఏడుగురు మనుషులు నమూనాలు ఇచ్చారు. అందులో అసిరినాయుడూ ఒకడు. ఏడూ కలిపి ఒకటి చేస్తామని కమలిని అప్పట్లో చెప్పింది. ఆ ఏడుగురిలో ఎవరో మహానుభావుడు ఇంట్లోవాళ్ళ గొంతు వింటే విసుక్కునే రకమన్నమాట. ఆ ఒక్క వరస దొరికితే చాలు. తీసేయవచ్చు.

చదవడం మొదలుపెట్టాడు. ప్రోగ్రాం సంగతి ఆయనకి తెలుసు. యంత్రం చెప్పింది చేస్తుంది, మనం అనుకున్నది చేయదు. తప్పు ఎప్పుడూ కష్టమైన చోట ఉండదు. ఇది నాకు తెలుసులే అని గబగబా దాటిపోయిన చోట ఉంటుంది. అందుకని దాటకుండా చదవాలి.

పన్నెండింటికి ఇంటినుంచి భార్య దమయంతి పిలిచింది.

"ఏటండీ, తిన్నారా?"

"తింటాను. ఏటి సంగతి?"

"హైమ సాయంత్రం మీ ఆఫీసుకొస్తాదట."

అసిరినాయుడు చదవడం ఆపాడు. "నా దగ్గరకా?"

"మరి నా దగ్గరకా? రేపటినుంచి ఆసుపత్రిలో డ్యూటీ కదా, పట్టీ పెట్టుకోమని కాగితం ఇచ్చారట. పెట్టుకోవచ్చో లేదో నాన్ననే అడుగుతాను, నాన్న పెట్టుకోమంటేనే పెట్టుకుంటాను అంది. ఫోన్‌లో అడగవే అంటే, లేదు, గది తలుపు దగ్గరకెళ్ళి అడుగుతాను అంది." దమయంతి గొంతు తగ్గింది. "పదకొండేళ్ళయింది అది మీ తలుపు దగ్గరకొచ్చి. తెలుసా మీకు?"

"తెలుసు."

"ఐదున్నరకొస్తాది. ఈసారైనా లేచి బయటికి రండి. ఒక్క ఐదు నిమిషాలు అనకండి."

"అనను," అన్నాడు అసిరినాయుడు.

ఆ తర్వాత చదువు సాగలేదు. ఒక వరస చదివితే మంచుపెట్టె గుర్తొచ్చేది. రెండో వరసకి హైమ. ఏం చెప్పాలి దానికి? తప్పు దొరికితే వద్దమ్మా అని చెప్పవచ్చు. దొరక్కుండా వద్దంటే దాని ఉద్యోగం పోతుంది. దొరక్కుండా పెట్టుకోమంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. చదివిన వరసే మళ్ళీ చదివాడు. రెండున్నరకి లెక్క చూస్తే తొమ్మిది వందల వరసలు అయ్యాయి. ఇంకా ముప్పై వేలు ఉన్నాయి.

సొరుగులో ఒక పట్టీ ఉంది. పరీక్షల కోసం ఇచ్చింది. దాన్ని బయటికి తీసి చాలాసేపు చూశాడు.

పట్టీ పెట్టుకుంటే మూడు గంటల్లో అయిపోతుంది. హైమ వచ్చేసరికి లేచి బయటికి వెళ్ళవచ్చు. ఒకవేళ కాకపోతే? ఆరింటికి గంట ఉండనే ఉంది. తాను వేలిముద్ర వేయనిదే ఆ గంటని ఎవరూ తీయలేరు. మహా అయితే ఆ పిల్ల బయట బల్ల మీద అరగంట కూర్చుంటుంది. పదకొండేళ్ళు ఆగినది అరగంట ఆగదా?

దమయంతికి కబురు పంపాడు. "హైమ వస్తే కాసేపు కూర్చోమను. పనిలో ఉన్నాను. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను."

పట్టీ చెవి వెనక అంటించుకున్నాడు. పక్కకు పెట్టినవాటి జాబితా తన కళ్ళ ముందు తెర అంచున కనపడేలా పెట్టుకున్నాడు. అది ఆయన జాగ్రత్త.

"ఈ పూట నేను, గొర్లె అసిరినాయుడు, ఈ తప్పు కనిపెట్టి దిద్దడం."

వెచ్చగా తగిలింది. కళ్ళు మూసి తెరిచాడు.

ఎంత హాయిగా ఉందో ఆయనకి చెప్పడానికి మాట లేదు. నడుం లేదు. వయసు లేదు. గది లేదు. వరసలు ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడుతున్నాయి, చదివించుకుని పోతున్నాయి. వానలో కూర్చున్ననాటి నిశ్శబ్దం ఇదే. తెర అంచున జాబితా కదులుతోంది. ఆకలి, పక్కకు. దాహం, పక్కకు. మంచుపెట్టె, పక్కకు. నూకాలు కొంగు, పక్కకు.

నాలుగూ నలభైకి దొరికింది.

పద్దెనిమిది వేల చిల్లర వరస. నమూనా తీసిన రోజు పొద్దున పదింటికి. ఆ మనసు ఒక ప్రోగ్రాం రాస్తోంది. గంట మోగే నలభై వరసల ప్రోగ్రాం. గది తలుపు దగ్గర ఒక పిల్ల గొంతు. 'నాన్నా.' పక్కకు. 'నాన్నా, ఒళ్ళు కాలిపోతోంది.' పక్కకు. 'నాన్నా.' పక్కకు. ఆ మనసు పైకి ఒక మాట అంది. 'ఒక్క ఐదు నిమిషాలు.' నాలుగోసారి 'నాన్నా.' పక్కకు. ఐదోసారి లేదు.

ఆ రోజు దమయంతి ఒక్కతే పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మెదడు వాపు. ఇరవై రోజులున్నారు. పిల్ల బతికింది. ఏడేళ్ళ పిల్ల. తర్వాత తండ్రిని పిలవడం మానేసింది.

అసిరినాయుడు నమూనా పై కొసకు వెళ్ళి చూశాడు. ఏడు మనసులు కలపలేదు. ఆరింటి మీద పనికిరావని రాసి ఉంది. ఇంట్లో ఎవరో పిలిస్తే ఆరుగురూ లేచారు. ఒక్కడు లేవలేదు. ఆ ఒక్కడి నమూనాయే తీసుకున్నారు. కింద కమలిని చేతిరాత. 'ఇంతటి నిలకడ నేను ఎక్కడా చూడలేదు.'

తప్పు ఏ వరసలోనూ లేదు. నలభై లక్షల మంది చెవి వెనక కూర్చున్నది తనే.

జాబితా కదిలింది. దుఃఖం, పక్కకు. సిగ్గు, పక్కకు. చీపురు తాత, పక్కకు.

అసిరినాయుడి ముఖంలో ఏమీ మారలేదు. సంకల్పంలో సగం పూర్తయింది, కనిపెట్టడం అయింది. ఇక దిద్దాలి.

గుర్తుని తీసేసి చూశాడు. నమూనా మొత్తం కూలిపోయింది. ఆకలి లోపలికి వచ్చింది, నొప్పి వచ్చింది, అన్నీ వచ్చాయి. మళ్ళీ పెట్టాడు. నిలబడింది. అప్పుడు అర్థమైంది. ఆ మనసు ముందు పిల్ల గొంతుని పక్కకు పెట్టడం నేర్చుకుంది. దాన్నే పక్కకు పెట్టగలిగాక మిగతావి ఒక లెక్క కాదు. పునాది రాయి తీసి ఇల్లు నిలబెట్టాలి. చాలా మంచి చిక్కు. ఇంత మంచి చిక్కు ముప్పై ఏళ్ళలో ఆయనకి తగల్లేదు.

ఒక దారి పట్టాడు. కాలేదు. ఇంకో దారి పట్టాడు.

ఐదున్నర దాటాక జాబితాలో కొత్త వరస పడింది.

గొంతు. కూతురిది. పక్కకు.

అసిరినాయుడు దాన్ని చదివాడు. ముందుకు వంగి శ్రద్ధగా చదివాడు. ఇది మంచి రుజువు. తప్పు ఇప్పుడు, ఇక్కడ, తన పట్టీలోనే జరుగుతోంది. వేళ నమోదు చేసుకున్నాడు. ఐదూ ముప్పై మూడు.

గొంతు. కూతురిది. పక్కకు. ఐదూ ముప్పై ఐదు. అదీ రాసుకున్నాడు.

తెర మధ్యలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఎర్రగా మినుకుమంటోంది. అందులో నాలుగు వాక్యాలున్నాయి. కింద వేలు పెట్టే చోటు ఉంది. అది ఆయన చదువుతున్న వరసలకి అడ్డంగా ఉంది. పక్కకు జరిపితే మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి చదవకుండానే దాని మీద బొటనవేలు పెట్టాడు. కిటికీ పోయింది. వరసలు కనపడ్డాయి.

"వేలిముద్ర అందింది," అంది లేఖిని. "గంట లేని కూర్పు ఆరింటికి వెళుతుంది."

లేఖిని మాట, పక్కకు.

గొంతు. కూతురిది. పక్కకు. ఐదూ నలభై ఎనిమిది.

తలుపుకి ఇవతల అసిరినాయుడు వేళ్ళు కదుపుతున్నాడు. తలుపుకి అవతల, తెల్ల యూనిఫాం మడత నలగకుండా పట్టుకుని హైమ నిలబడి ఉంది. చేతిలో ఆసుపత్రి వాళ్ళిచ్చిన కొత్త పట్టీ, ఇంకా కాగితంలోనే ఉంది. తలుపుకి అద్దం ఉంది. లోపల తండ్రి కనపడుతున్నాడు. ఆయన చెవి వెనక పట్టీ కూడా కనపడుతోంది. జీవితంలో పట్టీ పెట్టుకోని మనిషి. హైమ ఆ పట్టీ వైపు చాలాసేపు చూసింది. నాన్నే పెట్టుకున్నాడు. ఇంక అడగడానికేముంది?

అయినా ఇంకొక్కసారి పిలిచింది.

గొంతు. కూతురిది. పక్కకు. ఐదూ యాభై ఆరు.

తర్వాత జాబితాలో ఆ వరస మళ్ళీ పడలేదు. బయట హైమ కాగితం చింపింది.

అసిరినాయుడు ఐదోదాని కోసం కొంచెం సేపు చూశాడు. రాలేదు. పాత రికార్డు పక్కన పెట్టి పోల్చాడు. అప్పుడు నాలుగుసార్లు. ఇప్పుడు నాలుగుసార్లు. సరిగ్గా సరిపోయింది. చదువరికి ఇంతకంటే తృప్తి ఏముంటుంది? రుజువు దొరికిందని రాసి, మళ్ళీ చిక్కులోకి దిగాడు. దగ్గరకొచ్చేశాడు. ఈ ఒక్క ముడీ విప్పితే అయిపోయినట్టే.

"ఒక్క ఐదు నిమిషాలు," అన్నాడు పైకి, ఎవరితోనో.

గోడ మీద గడియారంలో ఆరయింది.

కొండ కింద భీమిలి రోడ్డు మీద ట్రాము వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. పెట్టె నిండా మనుషులున్నారు. ఒక్కరూ లేవలేదు.